నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: కేసు పెట్టిన యానాది స్త్రీ ఎక్కడికి వెళ్లాలి?

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు.

అత్యాచారానికి గురైన స్త్రీకి వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట అందాలని 2015లో మొదలుపెట్టిన సఖి వన్ స్టాప్ కేంద్రాలు మంచి ఏర్పాటే. అయితే ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చాక ఆమె ఎక్కడ ఉంటుంది, ఎవరి దగ్గర పనిచేస్తుంది అన్నదాన్ని బట్టే ఆమె కోలుకోవడం ఉంటుంది. మన జిల్లాలో ఆ రెంటినీ చాలావరకు కులమే తేలుస్తోంది. తీరప్రాంత మండలాల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని కనుక ఈ ఒక్క విషయం మీకు విన్నవించుకుంటున్నాను.

రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే యానాది (ఎస్టీ) కుటుంబానికి గుడిసె ఆసామిదే. అందులో వెలిగే బల్బుకు తీగ కూడా ఆసామి మోటారు షెడ్డు నుంచి లాగినదే. కాన్పుకో జబ్బుకో తీసుకున్న అడ్వాన్సు ఆయన పుస్తకంలోనే ఉంటుంది. అఘాయిత్యం చేసినవాడు ఆ ఆసామి మనిషే అయితే, కేసు పెట్టిన రోజే ఆ కుటుంబానికి నీడా పనీ పోయి, బాకీ మొత్తం కట్టమన్న ఒత్తిడి మొదలవుతుంది. కేసు పెట్టకపోతే, ఆమె రోజూ వాడి కళ్లముందే మేత బస్తాలు మోయాలి. కలిగిన కులాల స్త్రీకీ నిందలు తప్పవు కాని, ఆమెకు కొన్నాళ్లు తలదాచుకోవడానికి పుట్టిల్లయినా ఉంటుంది. యానాది స్త్రీని ఊరు నిందించడం కూడా దండగనుకుంటుంది. "వాళ్లలో ఇవన్నీ మామూలే" అని తేల్చేస్తుంది. ఆ మాట ఆసుపత్రి వరండాలో, చదువుకున్నవాళ్ల నోటనే విన్నాను. అది చెవిన పడ్డ మనిషి మళ్లీ పరీక్షకు రాదు. రాకపోతే ఆమెకే పట్టింపు లేదంటారు.

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. మన రాష్ట్రానికే చెందిన ఒక అంధ దళిత యువతి కేసులో 2021 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, కులం, స్త్రీత్వం, వైకల్యం కలగలిసినచోట వాటిని విడదీసి చూడటం ఎంత కష్టమో వివరంగా చర్చించింది. అయినా కులం కారణంగానే నేరం జరిగిందన్న రుజువు లేదంటూ, యావజ్జీవ శిక్షను నిలిపి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం రద్దు చేసింది. ఆ నేరం జరిగిన తర్వాత, 2016లో అమలులోకి వచ్చిన సవరణతో, ఆ చట్టం వర్తించడానికి బాధితురాలి కులం నిందితుడికి తెలిసి ఉంటే చాలు.

ఆ చట్టం నియమాల ప్రకారం అత్యాచార బాధితురాలికి 5 లక్షల రూపాయలు రావాలి. అందులో సగం వైద్య పరీక్ష, నిర్ధారణ నివేదిక పూర్తయ్యాక, పావు వంతు ఛార్జిషీటు కోర్టుకు చేరాక, తక్కినది కింది కోర్టులో విచారణ ముగిశాక ఇవ్వాలి. కుల ధ్రువపత్రమో ఆధారో బ్యాంకు ఖాతానో లేని కుటుంబం మొదటి సగం కోసమే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెట్టేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్లకు మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

ఆ చట్టం అమలును చూడటానికి మూడు నెలలకొకసారి సమావేశం కావలసిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి మీరే అధ్యక్షులు. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం అమలులోనూ మీ కార్యాలయానిదే ముఖ్య బాధ్యత. కాబట్టి ఇలాంటి ఫిర్యాదు నమోదైన వెంటనే తహసీల్దారే ఆమె ఉన్నచోటికి వెళ్లి ధ్రువపత్రం ఇవ్వాలనీ, ఆ కుటుంబం తీసుకున్న అడ్వాన్సు వెట్టి కిందికి వస్తుందేమో విచారించి, వస్తే ఆ బాకీ చెల్లదని ఆసామికి రాతపూర్వకంగా తెలియజేయాలనీ ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆసామి గట్టు మీద కాకుండా వేరేచోట ఆమె పేరనే ఇంటిస్థలం పట్టా ఇప్పించండి. వచ్చే కమిటీ సమావేశంలో పరిహారం లెక్కలతో పాటు, ఒక్కొక్క బాధితురాలు ప్రస్తుతం ఎవరి స్థలంలో ఉంటోందో, ఎవరి దగ్గర కూలికి వెళ్తోందో కూడా, పేర్లు బయటపడకుండా, అధికారులను అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం, నెల్లూరు