మొదటి క్లయింటుకు ముందు

చిట్టితల్లీ,

సోమవారం నుంచి కౌన్సెలింగ్ శిక్షణలో నీకు క్లయింట్లను అప్పగిస్తారన్నావు. గుండె దడ, చల్లబడే చేతులు, పట్టని నిద్ర చూసి ఈ పనికి నేను తగనేమో అనుకోకు. శిక్షణలో ఉన్నవాళ్లకు ఇవి మామూలే. అసలు దడే లేని ట్రైనీని చూస్తేనే నాకు బెంగ.

చిక్కంతా ఆ భయం నీ చేత చేయించే పనులతోనే. ఎదుటి మనిషి కాసేపు మౌనంగా ఉంటే చాలు, ప్రశ్న వేసేస్తావు. జవాబు పూర్తికాకముందే ఇంకొకటి. పదో నిమిషానికల్లా సలహా. సలహా ఇస్తే ఏదో చేశామన్న ఊరట మనకే, ఎదురుగా కూర్చున్న ఆమెకు కాదు. తర్వాత ఏం అడగాలా అని వెతుక్కునేలోపు ఆమె చెప్పిన చివరి మాట జారిపోతుంది.

మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా గమనించడం, పనికొచ్చేది ఇక్కడే. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమం 8 వారాలది, అదీ ఇంటిదగ్గర రోజూ సాధనతో. సెషన్‌కు ముందు మాత్రమే కళ్లు మూసుకుంటే లాభం లేదు. రోజూ 10 నిమిషాలు కూర్చో. మనసు పారిపోతుంది. పారిపోయిందని గమనించి వెనక్కి తేవడమే సాధన.

గదిలోకి వెళ్లేముందు 3 నిమిషాలు చాలు. మొదట లోపలున్నదాన్ని పేరుపెట్టి గుర్తించు: ‘దడగా ఉంది’, ‘సూపర్‌వైజర్ ఏమంటారో అనుకుంటున్నాను’. తరమకు. తర్వాత 4 లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, 6 లెక్కపెడుతూ వదులు. చివర్లో అరికాళ్లు నేలను, వీపు కుర్చీని తాకడం గమనించు. ఊపిరిని చూస్తుంటే కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. నీకూ అంతే అయితే అరికాళ్లతోనే సరిపెట్టు.

సెషన్ మధ్యలో మాత్రం నీ ఊపిరి చూసుకుంటూ కూర్చోకు, ఆమెను వదిలేసినట్టే. మౌనం వస్తే ఒక్క ఊపిరి తీసుకుని, ఆమె మాటే తిరిగి చెప్పు: ‘ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయానన్నారు’. అక్కడితో ఆగు.

ధైర్యం సంగతంటావా, స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే అన్నిటికన్నా గట్టి ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశాడు. ఒక్కో సెషన్‌కు ఒక్క నైపుణ్యమే పెట్టుకో. క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకుంటే రికార్డు చేసి, 5 నిమిషాల ముక్క విని, ఎక్కడ అడ్డుపడ్డావో గుర్తుపెట్టు. సూపర్‌వైజర్‌ను ‘ఎలా చేశాను?’ అనడిగితే ‘బాగానే ఉంది’ అంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ‘ఆమె ఏడ్చినప్పుడు మాట మార్చేశాను, అక్కడ ఏం చేయొచ్చు?’ అని అడుగు.

చనిపోవాలనుందని ఎవరైనా అంటే మాత్రం తప్పించుకోకుండా నేరుగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఆమెను ఒంటరిగా పంపకుండా వెంటనే సూపర్‌వైజర్‌ను పిలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఆమెకు రాసివ్వు, తెలుగులోనూ మాట్లాడతారు. గోప్యతకు ఇక్కడ హద్దుందని మొదటి సెషన్‌లోనే చెప్పి ఉండాలి.

నీకే వారాల తరబడి నిద్ర లేకపోతే సాధన పెంచుకుంటూ పోవద్దు, నువ్వూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు.

అమ్మ