పాత రంగు సంగతి అడుగుతుంటే కొత్త రంగు గురించి చెబుతున్నారు: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా మునిసిపల్ ఉద్యోగుల క్వార్టర్స్‌లో జరుగుతున్న మరమ్మతుల మీద కాలనీ వాళ్లం ఎన్ని అర్జీలు పెట్టినా ఒకటే జవాబు వస్తోంది. "వాడుతున్న రంగుల్లో సీసం నిబంధనల మేరకే ఉంది, సమస్య పరిష్కరించబడింది" అని. అయ్యా, కొత్తగా వేసే రంగు గురించి మేము ఒక్క మాట కూడా అడగలేదు. గీకి పారేస్తున్న పాత రంగు గురించి అడిగాం. దానికి జవాబేదీ?

రంగుల్లో సీసం మీద కేంద్రం తెచ్చిన 2016 నిబంధనలు మీకు తెలియనివి కావు. 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదు. చాలా మంచి పని. కానీ అది కొత్త రంగు తయారీకి, అమ్మకానికి పెట్టిన కట్టడి. మా తలుపులకు, కిటికీలకు ఉన్నది అంతకు ముందు ఏళ్ల తరబడి పూత మీద పూతగా వేసిన ఎనామిల్. ముదురు పసుపు, ఆకుపచ్చ, నారింజ ఎనామిల్ రంగుల్లో సీసం కలపడం అప్పట్లో మామూలే. గ్రిల్స్‌కు తుప్పు పట్టకుండా పూసే ఎర్ర ప్రైమర్లలోనూ ఉండేది. పూత గట్టిగా అంటుకుని ఉంటే పెద్దగా భయం లేదు. పెచ్చులూడినా, గీకి పొడి చేసినా అసలు ముప్పు అప్పుడే మొదలవుతుంది.

మొదటి బ్లాకులో ఏం చేశారో చెప్పనివ్వండి. ఇళ్లలో జనం ఉండగానే ఉప్పు కాగితం పెట్టి తలుపులు పొడిగా రుద్దారు. రంగు మందంగా ఉన్నచోట బ్లోల్యాంప్‌తో కాల్చి ఊడబీకారు. కాలిస్తే సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది కదా! కిటికీ గట్ల మీద, మంచాల కింద, ఆరేసిన బట్టల మీద పచ్చటి పొడి. సాయంత్రం దాన్ని చీపురుతో ఊడ్చారు, అది మళ్లీ గాల్లోకి లేచింది. మెట్ల మీద పాకే పసిబిడ్డ అరచేతులు పచ్చగా ఉంటే తల్లి గబగబా కడిగింది. అప్పటికే ఒక చెయ్యి నోట్లో పెట్టుకున్నాడు. ఆ పని చేసే కుర్రాళ్లనేమీ అనడం లేదు. మూతికి ఓ చేతిరుమాలు కట్టుకుని పొద్దంతా ఆ దుమ్ములోనే నిలబడ్డారు. అవే బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. వాళ్లకు మాస్కు ఇచ్చిన నాథుడు లేడు.

ఒంట్లో సీసం ఇంత వరకు ఉంటే ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. దెబ్బ తగిలేది మెదడుకి. చదువులో వెనకబడితే బద్ధకం అంటాం, రక్తం తక్కువైతే తిండి సరిపోలేదంటాం, సీసం వల్లనేమో అని తట్టదు. గర్భిణుల సంగతి వేరే చెప్పాలా? ఎముకల్లో ఏళ్ల తరబడి దాగిన సీసం కడుపులో బిడ్డకు కూడా చేరుతుంది.

తర్వాతి బ్లాకుకు జాగ్రత్తలన్నీ ఎస్టిమేట్‌లోనే రాయిస్తామని కాలనీ మీటింగులో ఇంజనీరు గారు మాట ఇచ్చారు. ఆ ఎస్టిమేట్ వచ్చింది, చూశాం. లప్పం ఎన్ని చేతులు, ప్రైమర్ ఎన్ని చేతులు అన్నీ ఉన్నాయి. "పాత రంగు గీకి శుభ్రం చేయుట" అని ఒక్క లైను, పక్కన చదరపు మీటరుకు రేటు. ఎలా గీకాలో లేదు, ఆ చెత్త ఎక్కడ వేయాలో లేదు. ఇచ్చిన మాట ఏమైందని ఎవర్ని అడగాలి సార్?

మేము కొండ మీది కోతిని తెమ్మనడం లేదు. గీకే ముందు నీళ్లు చల్లి తడపండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిపించండి. పని నడిచే గదిలోకి పిల్లల్ని, గర్భిణుల్ని రానివ్వకండి. బ్లోల్యాంప్ ఆపించండి. పనివాళ్లకు సరైన మాస్కులు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు ఇప్పించండి. ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడిపించండి, పెచ్చులు సంచిలో కట్టించండి. గట్టిగా ఉన్న పూతను అసలు గీకనే వద్దు, దాని మీదే కొత్త రంగు వేయించండి. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్లలో కూలికి ఇలాంటి పని చేసే సంస్థలకు శిక్షణ, సర్టిఫికెట్ తప్పనిసరి చేసి చాలా ఏళ్లయింది. మన దగ్గర కనీసం ప్రభుత్వ పనుల్లోనైనా ఈపాటి పద్ధతి ఉండొద్దా?

మొదటి బ్లాకు పిల్లలకు, రంగు పనివాళ్లకు రక్తంలో సీసం పరీక్ష చేయించమనీ అడిగాం. దానికి ఉలుకూ పలుకూ లేదు. ఆ తల్లులు టెన్షన్‌తో నిద్రపోవడం లేదు సార్, దయచేసి ముందు ఆ పరీక్షలు చేయించండి.

రెండో బ్లాకు ముందు పరంజా కర్రలు దింపేశారు. పని మొదలయ్యేలోపు ఆ ఎస్టిమేట్ ఆపి, పాత రంగు ఎలా తీయాలో అందులో రాయించండి. ఈసారి జవాబు పాత రంగు గురించే ఇవ్వమని చెప్పండి.

ఇట్లు,
క్వార్టర్స్ నివాసుల తరఫున, ఇద్దరు పిల్లల తల్లి