కంటి పరీక్ష మనిషి దగ్గరికే రావాలి

సంపాదకునికి నమస్కారం.

కంటి నరం దెబ్బతినే గ్లకోమా జబ్బులో చాలామందికి నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి మెల్లగా తగ్గుతుంది, పోయిన చూపు మళ్ళీ రాదు. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి లోపల వెనుక ఉండే పొర, దెబ్బతినడం కూడా మొదట్లో తెలియదు. మా నాన్నగారికి తెలిసేసరికి ఒక కన్ను దాదాపు పోయింది. అన్నేళ్లూ అక్షరాలు చదివించి అద్దాలు మార్చారే తప్ప కంటి లోపల ఎవరూ చూడలేదు.

కనీసం 220 కోట్ల మందికి చూపు సమస్య ఉందనీ, అందులో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగినదో ఇంకా చికిత్స అందనిదో అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇప్పుడు కంటి లోపలి వెనుక భాగాన్ని ఫొటో తీసే, చేత్తో పట్టుకునే ఫండస్ కెమెరాలు వచ్చాయి. కొన్నిటికి చుక్కల మందు వేయకుండానే రెటీనా ఫొటో వస్తుంది. నర్సు ఫొటో తీస్తే ఎక్కడో ఉన్న డాక్టర్ చూసి చెప్పవచ్చు. శుక్లం ముదిరితే ఫొటో మసకగా వస్తుంది, నిజమే. అలాంటివారిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

షుగర్ పరీక్ష చేసే ప్రతిచోటా ఈ కెమెరా ఉంచి, పరీక్ష ఉచితంగా చేయాలని ప్రభుత్వాలను కోరుతున్నాను. లోపం బయటపడినవారు చికిత్సకు చేరారో లేదో కనుక్కునే బాధ్యత కూడా ఒకరికి అప్పగించాలి.

– ఒక పాఠకురాలు