బీరువా ముందు మాట్లాడే బాబాయి

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇంటికి సున్నాలు, పాపకి జ్వరం, ఆ వెనకే ఆడిట్. ఇప్పుడందరం బాగున్నాం. అమ్మ మోకాలు మాత్రం అలాగే ఉంది. కబుర్లు అయిపోయాయి, ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పొచ్చు గానీ నువ్వు మధ్యలో నవ్వి చెడగొడతావు, సాంబారు కమిటీ రోజుల్లోలాగా.

మా బాబాయి గుర్తున్నాడుగా? రిజిస్ట్రారాఫీసు బయట ముప్పై ఏళ్లు డాక్యుమెంట్ రైటరుగా చేశాడు. మనం ఇంటర్లో వాళ్లింటికెళ్తే "తిన్నారా" అనేవాడు, వచ్చేటప్పుడు "ఊ" అనేవాడు, అంతే. నువ్వాయనకి పెట్టిన పేరు ఇక్కడ రాయను, ఈ ఉత్తరం పిన్ని కంటపడితే ఇద్దరం అయిపోతాం.

ఆ మధ్య ఒక రాత్రి పిన్ని ఫోన్. గొంతు వణుకుతోంది. "ఒరేయ్, గూగుల్ నుంచి నోటీసొచ్చింది, పోస్ట్‌మాన్ ఇచ్చి వెళ్లాడు. చిన్నాడు ఏం చేశాడో ఏమో!" చిన్నాడంటే మా తమ్ముడు, బీటెక్, పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటాడుగా, అనుమానం వాడి మీదికే పోయింది. నేను వెళ్లేసరికి వాణ్ణి హాల్లో నిలబెట్టి ఉంది. బెట్టింగ్ యాప్ దగ్గర మొదలై లోన్ యాప్ దాకా వచ్చింది విచారణ. వాడు పుస్తకం మీద ఒట్టేస్తున్నాడు.

కాగితం తీసి చూస్తే నోటీసూ కాదు, పాడూ కాదు. ఆరంకెల పిన్. యూట్యూబ్ చానెల్ పెట్టి, దానికి ప్రకటనలు వచ్చి, ఖాతాలో పది డాలర్లు చేరితే చిరునామా నిజమో కాదో తేల్చుకోవడానికి యాడ్‌సెన్స్ వాళ్లు, అంటే గూగుల్‌లో ఆ ప్రకటనల డబ్బు లెక్క చూసేవాళ్లు, మామూలు పోస్టులో పంపే పిన్ అది. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు, నువ్వు చదువుతున్నదేమిటి మరి. సరే, పేరు చూశాను. బాబాయి పేరు!

సరిగ్గా అప్పుడే ఆయన గోంగూర కట్టలతో లోపలికొచ్చాడు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, "వచ్చిందా" అన్నాడు. ఒక్క మాట. పిన్ని సోఫాలో కూలబడింది.

చానెల్ చూపించాడురా. మొహం ఉండదు, పేరుండదు. ఒక తెల్లకాగితం, ఒక చెయ్యి, ఒక నీలం పెన్ను. ఆ చెయ్యి గీతలు గీస్తూ చెబుతుంది: పొలం ఎవరి పేరున ఉందో చెప్పే 1బి అంటే ఏమిటి, సాగు వివరాలుండే అడంగల్ ఎలా చదవాలి, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి చూడాలి. "ఈసీలో లేనిదల్లా లేనట్టు కాదు" అని ఒక వీడియో ఉంది చూడు, ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, రిజిస్టరు కాని అగ్రిమెంటు అందులో కనపడదని, కొనేవాడు ఎక్కడ మునుగుతాడో... నువ్వు ప్లాటు కొనకముందు చూసుండాల్సింది. సర్లే.

ఎక్కడ రికార్డు చేశాడో తెలుసా? తెల్లవారుజామున నాలుగింటికి, ఫ్యాను కట్టేసి, బీరువా తలుపులు బార్లా తీసి, పిన్ని చీరల వైపు తిరిగి మాట్లాడేవాడట. గదిలో ఆ బట్టలుంటే గొంతు ప్రతిధ్వనించదు. పిన్ని ఒకట్రెండుసార్లు నిద్రకళ్లతో చూసి, రిటైరయ్యాక మనిషికి మతి చలించిందని, ఎవరికీ చెప్పలేక, హనుమంతుడికి ఆకుపూజ మొక్కుకుందట! "నాతో ముప్పై ఏళ్లలో అన్ని మాటలు మాట్లాడలేదురా, నా చీరలతో మాట్లాడాడు" అని ఇప్పటికీ అంటోంది. నవ్వుతూ అంటుంది గానీ, ఏమో, అందులో కొంచెం నిజంగానే నొప్పి ఉందనిపించింది నాకు.

డబ్బు సంగతి అడుగుతావని తెలుసు. పెద్ద వీడియోల దారిలో అయితే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణం ఉంటేగాని ప్రకటనల వాటా రాదు. షార్ట్స్, అంటే పొట్టి వీడియోల, ఫీడ్‌లో చూసింది ఆ గంటల్లోకి రాదు. అది దాటాక పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకి, షార్ట్స్‌లో 45. వంద డాలర్లు చేరితే బ్యాంకుకి పంపుతారు. ఆయన చూపే లెక్కలో విచిత్రం ఏమిటంటే, చూసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లే, డబ్బులో ఎక్కువ మాత్రం మీ అమెరికావాళ్ల వల్ల. ఊళ్లో స్థలం ఏమైపోతోందో అని మీకు అక్కడ నిద్రపట్టక చూస్తారు, అక్కడి ప్రకటనల రేటు ఎక్కువ. ఆ అమెరికా ముక్కలో 15 శాతం అక్కడి పన్నుకి పోతుంది, అదీ ఫారం నింపి పాన్ నంబరిస్తేనే. ఫారం ఇవ్వకపోతే మొత్తం మీద 24 శాతం దాకా కోస్తారట. ఫారాలు నింపడం ఆయనకి కొత్తా?

మొదటి డబ్బు పడ్డాక బ్యాంకులో పిల్చి, విదేశం నుంచి మీకెందుకొచ్చిందండీ అని అడిగితే, "చెయ్యి చూపించినందుకు" అన్నాడట. జ్యోతిష్యమనుకున్నారేమో పాపం.

ఇంకో తమాషా. సర్వే నంబరు సరిచూసుకోకుండా వెంచర్లో ప్లాటు కొనకండి అని ఆయన చెబుతుంటాడా, సరిగ్గా అక్కడే వెంచర్ ప్రకటన వస్తుంది! ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో యాడ్ పెట్టుకోవచ్చుగా మరి. ఆయనకి అది నచ్చదు, కానీ కరెంటు బిల్లు ఆయనే కట్టేస్తున్నాడిప్పుడు.

అయ్యో, అసలు కథ ఇంకా చెప్పనేలేదు. మామయ్య!

తాతయ్య పొలం 1బిలో మామయ్య పేరెక్కించుకున్నాడు కదా, అమ్మకీ పిన్నికీ వాటా లేదని అప్పట్నుంచీ ఒకటే పాట. బాబాయి ఎన్నిసార్లో చెప్పాడు, రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు బావగారూ అని. "నీకేం తెలుసయ్యా, కాగితాలు రాసుకునేవాడివి" అనేవాడు మామయ్య. ఉగాదికి అన్నాడు చూడు ఆ మాట, అమ్మ ఏడ్చింది. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు... వద్దులే.

ఇప్పుడు ఆ మామయ్యే ఈ చానెల్‌కి భక్తుడు! ఎక్కడ తగిలిందో తగిలింది. మొన్న అమ్మకి ఫోన్ చేసి, "యూట్యూబ్‌లో ఒక పెద్దమనిషి చెప్పాడు, మ్యుటేషన్, అంటే రికార్డులో పేరెక్కడం, వేరు, హక్కు వేరు అట. మనం కూర్చుని మాట్లాడుకోవాలి" అన్నాడు. గొంతు ఎందుకు పట్టుకోలేకపోయాడంటావా? బాబాయి వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడగా మనవాళ్లెవరు విన్నారు గనక!

ఇంకా విను. ఆ వీడియో కింద మామయ్య కామెంట్ పెట్టాడు, తన పేరుతోనే, పొలం కథంతా రాసి. "గురువుగారూ, నా ఒక్కడి సంతకంతో అమ్మొచ్చా?" దానికి చానెల్ జవాబు: "పొలం మొత్తం అమ్మాలంటే మీ తోబుట్టువులు సంతకాలు పెట్టకుండా కుదరదండి. వారి వాటా గురించి ముందు వారితో మాట్లాడండి." దానికి మామయ్య రెండు దండాలు పెట్టాడు. బాబాయి అది నాకు చూపిస్తూ నవ్వలేదురా, పెదవి కూడా కదల్లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని గోంగూర వలవడానికి కూర్చున్నాడు.

మామయ్య నాకు అప్పజెప్పిన పనేమిటో ఊహించు. ఆ పెద్దమనిషి ఫోన్ నంబరు కనుక్కోవాలట, ఫీజిచ్చి స్వయంగా కలుస్తాడట! నేనేం చెయ్యను చెప్పు. పిన్ని చెప్పేద్దామంటోంది, అమ్మ సంతకాలయ్యేదాకా నోరెత్తొద్దంటోంది. నేను అమ్మ పక్షం. చెప్పామంటే మామయ్య మర్నాడే చానెల్ మొత్తం తప్పని తేల్చేస్తాడు.

చిన్నాడికి మాత్రం కొత్త పిచ్చి పట్టింది. కంప్యూటర్ గొంతు, ఎక్కణ్ణుంచో తెచ్చిన బొమ్మలు, రోజుకి పది వీడియోలు తయారుచేస్తాడట. "ముఖం చూపకుండా లక్షలు" అని ఎవడో కోర్సు అమ్ముతున్నాడు. (నువ్వు కొన్న కోర్సు గురించి నేనేమీ అనట్లేదు.) లక్షలు వచ్చేది ఆ కోర్సు అమ్మేవాడికే అన్నాను, వినడు. మూసపోసి గుట్టలుగా వదిలే వీడియోలకి డబ్బు రాదని 2025 జులైలో యూట్యూబ్ తన నియమాన్ని ఇంకాస్త స్పష్టంగా రాసింది కూడా. బాబాయి వాడితో ఒకటే అన్నాడు, "నీకు తెలిసిందేదైనా ఉంటే చెప్పు, బీరువా ఇస్తా." వాడు రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాడు, తనకేం తెలుసా అని. పబ్‌జీ తప్ప

అమ్మో, ఐదైంది. పాపని పుట్టినరోజు ఫంక్షన్ నుంచి తేవాలి, ఇప్పటికే రెండు మిస్డ్ కాల్స్. చానెల్ పేరు రాయలేదు, రాయను కూడా, నీ నోటి సంగతి నాకు తెలుసు. మామయ్యది సోమవారం సాయంత్రం మీటింగ్, ఏమైందో రాస్తా. మీ ఆవిడకి

సరే ఉంటా,
నీ
బుజ్జిగాడు