కంప్యూటర్ ముందు కూర్చునే టైం ఇప్పించండి సార్ - విద్యాశాఖ మంత్రి గారికి అనంతపురం నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను అనంతపురం దగ్గర ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్, మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ పేరు రాయట్లేదు, ఇది ఒక్క మా కాలేజీ సంగతి కాదు, కర్నూల్లో చదివే మా పిన్నమ్మ కొడుకు చెప్పేదీ ఇదే, కడపలో చదివే నా ఇంటర్ ఫ్రెండు చెప్పేదీ ఇదే. ఐటీ శాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకు రెండు రకాలుగా సంబంధించిందే. అడిగేది ఒకటే సార్, బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకి కంప్యూటర్ ముందు కూర్చునే టైం ఇప్పించండి.

ఈ మాట ఇంట్లో చెప్తే మా నాయన నమ్మలేదు. "కంప్యూటర్ సదువు సదివేటోల్లకి కంప్యూటర్ దొరక్కపోయేదేందిమ్మా" అన్నాడు. బయట నుంచి చూసేవాళ్ళకి ఎవరికైనా అట్లే అనిపిస్తుంది, ఎందుకంటే కాలేజీ బ్రోచర్లో వరసగా సిస్టమ్స్, ఏసీ, కొత్త కుర్చీలు ఉన్న ఫోటోలే ఉంటాయి, ఆ ల్యాబులు నిజంగానే ఉన్నాయి కూడా. లేనిది వాటిలో మేము కూర్చునే టైమే.

లెక్క చెప్తాను. ఇప్పుడు నడుస్తున్న ఆర్23 రెగ్యులేషన్‌లో, అంటే మా యూనివర్సిటీ సిలబస్ రూల్స్‌లో, నాలుగేళ్ళకి కలిపి 160 క్రెడిట్లు. థియరీ సబ్జెక్టుకి మూడు క్రెడిట్లు, ల్యాబ్‌కి వారానికి మూడు గంటలు, ఒకటిన్నర క్రెడిట్. ఆ మూడు గంటల్లో ముందు అటెండెన్స్, తర్వాత పోయిన వారం ప్రోగ్రాం అబ్జర్వేషన్ బుక్కులో చూపించి సంతకం పెట్టించుకోవాలి, రికార్డు దిద్దించుకోవాలి, సార్ ఒక్కరే, మేము అరవై మందిమి, లైన్ కదిలేసరికి గంట పైనే పోతుంది. మిగిలిన టైంలో సిస్టమ్‌కి ఇద్దరు, కొన్నిసార్లు ముగ్గురు. కీబోర్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు టైపు చేస్తారు, పక్కనోళ్ళు చూస్తారు, ఆ చూసేవాళ్ళు ఎక్కువసార్లు అమ్మాయిలమే అవుతాము, ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు కానీ అట్లే జరుగుతుంది. నాలుగున్నరకి బస్సు, డ్రైవరన్న హారన్ కొట్టేస్తాడు, ల్యాబు అసిస్టెంట్ తాళం వేసేస్తాడు. మళ్ళీ వారం దాకా ఆ ల్యాబు వేరే సెక్షన్ వాళ్ళది.

ఇక రికార్డు సంగతి. ప్రోగ్రాం మొత్తం పెన్నుతో రాయాలి, మొదటి లైన్ ఇంక్లూడ్ ఎస్టీడీఐఓ దగ్గర నుంచి చివరి బ్రాకెట్ దాకా, అవుట్‌పుట్ ఎడమ పేజీలో పెన్సిల్‌తో, కొట్టివేతలు ఉంటే పేజీ చింపి మళ్ళీ రాయాలి. రన్ చేసి అవుట్‌పుట్ చూడని ప్రోగ్రాంకి కూడా రికార్డులో అవుట్‌పుట్ ఉంటుంది, సీనియర్ల రికార్డులో ఏముంటే అదే దిగుతుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక అది కూడా పోయింది, ప్రోగ్రాం ఫోన్లో వస్తుంది, ఫోన్లో నుంచి కాగితం మీదికి ఎక్కుతుంది, మధ్యలో కంపైలర్, అంటే మేము రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యేట్లు మార్చే సాఫ్ట్‌వేర్, అనేదే లేదు. సెమిస్టర్ చివర్లో హాస్టల్లో రాత్రి రెండు గంటల దాకా లైట్లు వెలుగుతుంటే పిల్లలు బాగా చదువుతున్నారు అనుకుంటారు, రాస్తున్నది రికార్డులు సార్. ఆ గంటలన్నీ సిస్టమ్ ముందు గడిపి ఉంటే మా బ్యాచ్‌లో సగం మందికి భయం పోయి ఉండేది.

ఫస్ట్ ఇయర్లో మాకు ఇంజనీరింగ్ వర్క్‌షాప్ ఉంటుంది. అక్కడ ఫిట్టింగ్‌లో ప్రతి ఒక్కరి చేతికి ఒక ఇనప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చారు, వీ ఫిట్ చెయ్యమన్నారు, చేతులు బొబ్బలెక్కినా రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి కూర్చునే దాకా మాస్టరు వదల్లేదు. బొమ్మ గీసి చూపిస్తే మార్కులు వెయ్యలేదు. సీఎస్ఈ పిల్లలకి ఇనుము పని అంత శ్రద్ధగా నేర్పించి మా సొంత పని దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద ఎందుకు సరిపెడుతున్నారో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను, కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది, ఓపికగా చదవండి. మా ల్యాబులో సీ ప్రోగ్రాములకి ఇంకా టర్బో సీ వాడుతున్నారు. అది 1980ల చివర్లో, విండోస్‌కి ముందు వాడిన డాస్ కోసం వచ్చిన కంపైలర్. ఇప్పటి విండోస్‌లో అది నేరుగా నడవదు, డాస్‌బాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ లోపల పెట్టి నడిపిస్తారు, నీలం స్క్రీన్ వస్తుంది, మౌస్ సరిగ్గా పని చెయ్యదు. ఫస్ట్ ఇయర్లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం, అంటే ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణించేది, చేసేటప్పుడు నేను 5 బదులు 8 ఇచ్చాను. 40320 రావాలి. -25216 వచ్చింది. నేను ప్రోగ్రాం నాలుగైదు సార్లు చూసుకున్నాను, తప్పేం లేదు. మేడమ్‌ని పిలిస్తే వచ్చి చూసి "ఐదు ఇవ్వమ్మా, ఐదుకి కరెక్ట్‌గా వస్తుంది, సంతకం చేస్తాను" అన్నారు. ఆమె వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు, ఆమెను నేను తప్పు పట్టను. కానీ అసలు పాఠం అక్కడే ఉంది సార్. టర్బో సీలో ఇంట్, అంటే అంకెని దాచుకునే డేటా టైపు, దానికి మెమరీలో ఇచ్చేది రెండు బైట్ల చోటే, 32767 దాటితే అంకె చుట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది. 40320లో నుంచి 65536 తీసేస్తే సరిగ్గా -25216. ఇప్పటి సిస్టమ్స్‌లో జీసీసీ అనే ఉచిత కంపైలర్‌తో నడిపిస్తే ఇంట్ నాలుగు బైట్లు, 12 ఫ్యాక్టోరియల్ దాకా కరెక్ట్‌గా వస్తుంది, 13 దగ్గర చోటు చాలక మళ్ళీ తప్పు అంకె వస్తుంది. మెమరీ అంటే ఏంది, డేటా టైపు అంటే ఏంది అని యూనిట్లకి యూనిట్లు చెప్పే బదులు ఆ ఒక్క మైనస్ అంకె దగ్గర ఇంకో అరగంట కూర్చోనిచ్చి ఉంటే నాకు ఆ రోజే తెలిసి ఉండేది. నాకు అది సెకండ్ ఇయర్ చివర్లో తెలిసింది, అది కూడా ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు ప్రాక్టీస్ చేస్తుంటే మాకు చూపించకుండా పెట్టే హిడెన్ టెస్ట్ కేసులు ఫెయిలై, ఎందుకా అని వెతికితే.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఇంకో బాధ. ఫోర్క్, పైప్, సెమఫోర్ అని ప్రోగ్రాములు పుట్టడం, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం, వంతులు వేసుకోవడం ఉంటాయి, ఇవన్నీ నిజంగా చూడాలంటే విండోస్ లాంటిదే అయిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, మా సిస్టమ్స్‌లో విండోస్ తప్ప లేదు, అందుకని షెడ్యూలింగ్, పేజ్ రీప్లేస్‌మెంట్ అన్నీ లెక్కలు చేసి ప్రింటెఫ్‌లతో స్క్రీన్ మీద అచ్చు వేసి చూపించడమే, అసలు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఒకటి పుట్టడం మేము కళ్ళతో చూడలేదు. లినక్స్‌కి లైసెన్స్ డబ్బులు లేవు, జీసీసీకి లేవు. పాత సిస్టమ్స్ మీద కూడా నడుస్తాయి. కేరళలో గవర్నమెంట్ హైస్కూల్ పిల్లలు పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష లినక్స్ మీదే రాస్తున్నారు. ఇక్కడ బీటెక్ వాళ్ళకి ఆ అవకాశం లేదంటే డబ్బు సమస్య కాదనే అర్థం.

ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదా అంటారు. కొంతమంది కొంటారు. మాది కళ్యాణదుర్గం వైపు, ఐదెకరాల శెనక్కాయ, వాన పడితే పంట, లేకపోతే అప్పు. మా అన్న బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తానన్నాడు, ఇంకా కుదరలేదు. అప్పటిదాకా నాకు ఫోనే. ఫోన్లో కంపైలర్ యాప్ ఉంటుంది, కానీ కీబోర్డు సగం స్క్రీన్ మూసేస్తుంది, ఫ్లవర్ బ్రాకెట్ కావాలంటే రెండు సార్లు కీబోర్డు మార్చాలి, ఇరవై లైన్లు దాటితే ఎక్కడున్నామో తెలియదు. బస్సులో నిలబడి అట్ల ప్రాక్టీస్ చేసేవాళ్ళం మా క్లాసులో చాలా మందిమి ఉన్నాము, చాలా మందికి ఫీజు రీయింబర్స్‌మెంటే ఆధారం. ప్రభుత్వం మా కోసం ఫీజు కడుతోంది, దానికి మేము ఎప్పటికీ కృతజ్ఞులమే, అందుకే అడుగుతున్నాను, ఆ డబ్బుతో కొన్న సిస్టమ్స్ సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దున తొమ్మిది దాకా, ఆదివారాలు, సెలవులు మొత్తం తాళం వెనక ఎందుకుండాలి?

సీట్లు కూడా చూడండి. 2024-25 నుంచి, దేశంలో ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ, బాగా నడిచే కాలేజీలకి బ్రాంచికి ఇన్నే సీట్లు అనే పరిమితి ఎత్తేసింది, అంతకు ముందు 240 దాకానే ఉండేది. సీఎస్ఈ, దాని పక్కన ఏఐ ఎంఎల్, డేటా సైన్స్ అని సెక్షన్లు పెరుగుతూ పోతున్నాయి. సెక్షన్ పెరిగిన ప్రతిసారీ క్లాస్‌రూమ్ ఇంకోటి దొరుకుతుంది, కానీ ల్యాబు గంటలు అవే, పంచుకోవడమే.

మా అనంతపురానికి ఇంజనీరింగ్ కొత్త కాదు. 1946లో మద్రాసు గిండీలో మొదలైన గవర్నమెంట్ ఇంజనీరింగ్ కాలేజీ 1948లో ఇక్కడికి వచ్చింది, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ (జేఎన్టీయూ)లో భాగమైంది, 2008లో అనంతపురానికి సొంతంగా జేఎన్టీయూనే వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న ఊరి పిల్లలు బీటెక్ పట్టా చేతిలో పెట్టుకుని కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అమీర్‌పేటకో, బెంగళూరు మారతహళ్ళికో పోయి మళ్ళీ డబ్బులు కట్టి అదే సీ, అదే జావా, అదే ఎస్క్యూఎల్ నేర్చుకుంటున్నారు. అక్కడ వాళ్ళేం కొత్త పాఠం చెప్పరు సార్. పొద్దున నుంచి రాత్రి దాకా సిస్టమ్ ఇస్తారు, చెయ్యమంటారు, అంతే. నాలుగేళ్ళు ఇక్కడ ఇవ్వనిది అక్కడ మూడు నెలల్లో ఇస్తున్నారు, దానికి తల్లిదండ్రులు రెండోసారి అప్పు చేస్తున్నారు.

అందుకని నేను అడిగేది ఇది. అఫిలియేషన్ ఉన్న ప్రతి కాలేజీలో కనీసం ఒక్క కంప్యూటర్ ల్యాబు రాత్రి ఎనిమిది దాకా, ఆదివారం సగం రోజు తెరిచి ఉండాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. కరెంటు ఖర్చు, స్టాఫ్‌కి ఓవర్‌టైం, అమ్మాయిల సేఫ్టీ, ఈ మూడూ చెప్పి యాజమాన్యాలు వద్దంటాయి, మా దగ్గర అడిగినప్పుడు అవే చెప్పారు. స్టాఫ్ ప్రతిరోజూ ఉండక్కర్లేదు, ఫైనల్ ఇయర్ వాళ్ళకి చిన్న స్టైపెండ్ ఇచ్చి చూసుకోమంటే వాళ్ళకి ఖర్చులకి వస్తుంది, జూనియర్లకి డౌట్లు తీరతాయి. అమ్మాయిల విషయం మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే, ఎనిమిదింటికి కాలేజీ గేటు ముందు నుంచి ఒక్క ఆర్టీసీ బస్సు టౌన్ మీదుగా నడిపించండి, సెక్యూరిటీ అక్క ఒకరు ల్యాబు దగ్గర ఉండేట్లు చూడండి. భద్రత పేరు చెప్పి మమ్మల్ని నాలుగున్నరకే ఇంటికి పంపించేస్తే ఆ టైం హాస్టల్ అబ్బాయిలకి మాత్రమే మిగులుతుంది, అది మాకు అన్యాయం. దూరం నుంచి వచ్చే డే స్కాలర్లకి ఇంకో దారి ఉంది, నియోజకవర్గాల్లో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, డిగ్రీ కాలేజీల ల్యాబులు ఆదివారాల్లో ఏ కాలేజీ ఐడీ కార్డు చూపించినా కూర్చోనిచ్చేట్లు చేస్తే మా ఊరి చుట్టుపక్కల పిల్లలు నడిచో, షేర్ ఆటోలోనో పోగలరు.

రికార్డు పెన్నుతో రాయించడం ఆపించండి. ప్రోగ్రాం ఎవరు ఎప్పుడు రాశారు, ఎన్నిసార్లు మార్చారు అనేది గిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తేదీలతో సహా ఉంటుంది, దాన్నే రికార్డుగా తీసుకోమని యూనివర్సిటీకి చెప్పండి. ల్యాబ్ ఎగ్జామ్ సిస్టమ్ మీదే జరగాలి, ముందు కాగితం మీద రాసిచ్చాకే సిస్టమ్ దగ్గరికి పంపే పద్ధతి వద్దు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే కమిటీ సిస్టమ్స్ ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టి పోతోంది, అవి పోయిన సెమిస్టర్‌లో ఎన్ని గంటలు ఆన్‌లో ఉన్నాయో లాగ్ అడగమనండి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, కాలేజీలు వాటంతట అవే తలుపులు తెరుస్తాయి.

ఇంటర్న్‌షిప్ గురించి కూడా ఒక మాట. రెండో ఏడు తర్వాత, మూడో ఏడు తర్వాత సమ్మర్ ఇంటర్న్‌షిప్, చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ అని పెట్టారు, ఆలోచన చాలా మంచిది. కానీ అనంతపురంలో అంతమందిని తీసుకునే సాఫ్ట్‌వేర్ ఆఫీసులు యాడున్నాయి సార్, అందుకే ఆన్‌లైన్‌లో డబ్బు కడితే వచ్చే సర్టిఫికెట్లు నడుస్తున్నాయి. మా చుట్టూ పని లేక కాదు. చీనీ మార్కెట్‌లో రైతుకి ఏ రోజు ఏ రేటు పడిందో సరిగ్గా దొరకదు, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్లు, ఇవన్నీ మాలాంటి వాళ్ళు ఒక లెక్చరర్ కింద కూర్చుని చెయ్యగలిగిన పనులే. కలెక్టర్ గారి ద్వారా జిల్లాలో ఆఫీసులన్నీ తమకి కావాల్సిన చిన్న చిన్న పనుల లిస్టు కాలేజీలకి ఇస్తే, సమ్మర్లో ల్యాబు తెరిచి ఉంటే, మాకు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన అవసరం రాదు.

వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ సెలవుల్లో వేస్తారు, ఉత్తర్వు దానికన్నా ముందు వస్తేనే మా బ్యాచ్‌కి పనికొస్తుంది, ఆ తర్వాత వస్తే మాకు మిగిలేది ఫైనల్ ఇయర్ చివరి నెలలే. వీలైతే అనంతపురం వచ్చినప్పుడు ఏదో ఒక కాలేజీకి సాయంత్రం ఐదు తర్వాత ముందుగా చెప్పకుండా వచ్చి చూడండి సార్.

ఇట్లు,
మీ విధేయురాలు,
సీఎస్ఈ మూడో సంవత్సరం విద్యార్థిని,
అనంతపురం జిల్లా