పని మానేసినవాళ్లనూ అడుగు

హనుమకొండ

బిడ్డా,

నీ థీసిస్ సంగతి ఫోన్‌లో విన్నప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గు, ఆయాసం గురించి చదువుతానన్నావు. చాలా సంతోషం. ఇన్నేళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ని, నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

ఇప్పుడు బీడీలు చేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి దగ్గుందా లేదా అని ఒక్కసారి అడిగి రాసుకుంటే అది క్రాస్ సెక్షనల్ స్టడీ. త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. ఇవాళ ఎంతమందికి దగ్గుందో తెలుస్తుంది. ఆ దగ్గు పనిలో చేరకముందు నుంచే ఉందా, చేరాక వచ్చిందా అన్నది మాత్రం దాంతో తేలడం కష్టం.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీ చిన్నమ్మనే తీసుకో. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరిస్తూ పొద్దంతా వంగే కూర్చునేది. ఆ దుమ్ము పడక చివరికి పని మానేసింది. నువ్వు పనిలో ఉన్నవాళ్లనే అడిగితే ఆమె నీ లెక్కలోకి రాదు. తట్టుకున్నవాళ్లే లెక్కలో మిగులుతారు. ఆ పనితో పెద్దగా నష్టం లేదన్నట్టు ఫలితం వస్తుంది. హెల్దీ వర్కర్ ఎఫెక్ట్ అంటే ఇదే. అందుకే మానేసినవాళ్లనూ వెతికి కలువు. చిన్నమ్మ చెప్పిన ఇళ్లకే వెళ్లకు, అదీ పక్షపాతమే. వాడలో ఇల్లిల్లూ తిరిగి, ఒకప్పుడు చేసినవాళ్లతో సహా జాబితా రాసుకుని, అందులోంచి లాటరీ పద్ధతిలో తీసుకో.

ఇక ఎవరితో పోలుస్తావన్నది. హనుమకొండలో గ్యాస్ మీద వండుకునే టీచరమ్మలతో పోలిస్తే తేడా తంబాకుదో కట్టెల పొయ్యిదో ఎట్లా చెప్తావు? అదే వాడలో, అదే వయసులో, బీడీలు చేయనివాళ్లను తీసుకో. పొయ్యి ఏదో, ఇంట్లో ఎవరు పొగ తాగుతారో ఇద్దరినీ ఒకే తీరుగా అడుగు.

పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపిన బ్రిటన్ పరిశోధకులు డాల్, హిల్ సంగతే చూడు. ఇద్దరూ ముందు లండన్ ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లనూ వేరే జబ్బులవాళ్లనూ పొగ అలవాటు గురించి అడిగారు. 1950లో వచ్చిన ఆ కేస్ కంట్రోల్ స్టడీతోనే ఆగలేదు. 1951లో బ్రిటన్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి, జవాబిచ్చిన దాదాపు 40 వేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. అట్లా ముందుకు గమనిస్తూ పోయేది కోహార్ట్ స్టడీ. నీకు అంత టైమ్ లేదు, టెన్షన్ పడకు. చేయగలిగిన డిజైన్ ఎంచుకో, దానితో తేలనిది తేల్చానని మాత్రం రాయకు.

1956లో మద్రాసులో మొదలైన టీబీ ట్రయల్ మళ్లీ చదువు. ఎవరికి ఇంట్లో వైద్యం, ఎవరికి శానిటోరియంలో, అంటే టీబీ ఆస్పత్రిలో ఉంచి వైద్యం అన్నది డాక్టర్ల ఇష్టానికి వదలకుండా రాండమ్‌గా పంచారు. ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. బీడీల విషయంలో నువ్వట్లా చేయలేవు, ఎవరినీ తంబాకు దుమ్ములో కూర్చోబెట్టే హక్కు మనకు లేదు. కాబట్టి పోలికలోనే జాగ్రత్తంతా పెట్టాలి.

సినాప్సిస్, అంటే నీ థీసిస్ ప్లాన్, ఎథిక్స్ కమిటీకి వెళ్లేలోపు, ఎవరిని చేర్చుకుంటావో ఎవరిని వదిలేస్తావో ఒక పేజీలో రాసి నాకు పంపు. శాంపిల్ సైజు ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ బాపు