‘రేపట్నుంచి రావద్దు’తో మొదలయ్యే కేసులు

సంపాదకులకు,

జీడిమెట్లలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా చిన్న పరిశ్రమల యజమానుల దగ్గర లేబర్ కోర్టు పేరెత్తితే చాలు, ‘చట్టాలన్నీ వర్కర్ వైపే’ అంటారు. వాళ్లు ఓడిపోయే కేసులు చాలావాటిలో కార్మికుడి తప్పు ఉండనే ఉంటుంది. లేనిదల్లా దాన్ని నిరూపించే కాగితం.

సూపర్‌వైజర్ మీద చెయ్యి చేసుకున్నవాణ్ని అదే సాయంత్రం ‘రేపట్నుంచి రావద్దు’ అని పంపేస్తారు. కొన్ని నెలలకు లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. అప్పుడు ‘మేం తీసెయ్యలేదు, తనే మానేశాడు’ అని జవాబు రాయిస్తారు. మానేస్తే డ్యూటీకి రమ్మని ఒక్క ఉత్తరమైనా ఎందుకు పంపలేదన్న ప్రశ్నకు ఈ వాదన నిలవదు. ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం పోయినట్లేనని స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థ ఉద్యోగ నిబంధనల్లో) రాసుకున్నా, సంజాయిషీ అడగకుండా, ఎంక్వైరీ (సంస్థలోనే జరిపే విచారణ) జరపకుండా పేరు కొట్టేయడం చెల్లదని డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. తొలగింపు చెల్లదంటే, పనిలో లేని కాలం జీతమంతా ఇచ్చి తిరిగి పనిలోకి తీసుకోవడమే మామూలు సూత్రమని 2013లో మరో తీర్పు చెప్పింది. కేసు ఎన్నేళ్లు నడిస్తే బాకీ అంత పెరుగుతుంది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఇంకో అపోహ మొదలైంది. స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం 300 మంది, ఆపైన కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి తమకు ఎంక్వైరీ బెడద తప్పిందని ముప్పై మందితో నడిచే యూనిట్లు అనుకుంటున్నాయి. తప్పలేదు. తీసేసే ముందు ఆరోపణ చెప్పి, జవాబు వినాలన్నది సహజ న్యాయం. దానికి తలల లెక్క లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది చార్జిషీటు (కార్మికుడికి ఇచ్చే ఆరోపణల పత్రం) దగ్గరే. ‘క్రమశిక్షణ లేదు, ప్రవర్తన బాగాలేదు’ అని రాస్తే అది ఆరోపణ కాదు, తిట్టు. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏ మిషను దగ్గర, ఎవరిని ఏమన్నాడు, ఎవరు చూశారు అన్నవి ఉండాలి. అదీ అతను చదవగలిగే భాషలో. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడికి ఇంగ్లిష్‌లో చార్జిషీటు ఇచ్చి సంతకం పెట్టించుకుంటే తర్వాత ఆ సంతకానికి విలువుండదు. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల ముందు ఆ మాటే రాసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో ఇంటి చిరునామాకు పోస్టులో పంపాలి. వాట్సాప్ మెసేజ్ అదనంగా పనికొస్తుందేమోగానీ పోస్టుకు బదులు కాదు.

ఎంక్వైరీలో ముందు యాజమాన్యం సాక్షులు చెప్పాలి, కార్మికుడు వాళ్లను ఎదురు ప్రశ్నలు (క్రాస్) వెయ్యాలి, తర్వాతే అతని వంతు. ప్రతి పేజీ మీదా అందరి సంతకాలు ఉండాలి. చాలాచోట్ల మొట్టమొదట కార్మికుణ్నే కూర్చోబెట్టి ప్రశ్నలు గుప్పిస్తారు. అది ఎంక్వైరీ అనిపించుకోదు. నివేదిక వచ్చాక దాని కాపీ ఇచ్చి, అభిప్రాయం అడిగి, ఆ తర్వాతే శిక్ష వెయ్యాలి. ఈ సూత్రం పాతుకున్నది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ మీద కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతోనే (1993). ఇంత జరిగినా ఎంక్వైరీలో లోపం ఉందని కోర్టు అంటే, సాక్ష్యం కోర్టులోనే చూపిస్తామని యజమాని అడిగే వీలుంది. ఆ మాట కోర్టులో వేసే మొదటి జవాబు (కౌంటర్)లోనే రాయాలి. వాదనలు ముగిసే వేళకు గుర్తొస్తే లాభం లేదు.

సస్పెన్షన్ సంగతీ అంతే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో సస్పెండ్ చేయొచ్చన్న షరతే లేకపోతే, పని ఆపించిన రోజులకూ పూర్తి జీతం ఇవ్వాల్సి వస్తుంది. పెద్ద సంస్థలకు కోడ్ పెట్టిన లెక్క మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం కార్మికుడిది కాకపోతే 75 శాతం. చిన్నవాళ్లూ అదే లెక్క లెటర్‌లో రాసుకుంటే గొడవ ఉండదు. తొలగించాక రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ‘వచ్చే నెల జీతాలతో పాటు’ అనే పాత అలవాటు ఇక కుదరదు.

ఇందులో యజమానుల నిజమైన ఇబ్బంది ఒకటుంది. ముప్పై మంది ఉన్నచోట ఫిర్యాదు చేసేదీ, సాక్షీ, తీర్పు చెప్పేదీ ఒక్కరే. తటస్థుడైన ఎంక్వైరీ ఆఫీసరును ఎక్కణ్నుంచి తేవాలి? వకీలును పెడితే ఫీజు భారం. రెండు రాష్ట్రాల కార్మిక శాఖలూ పారిశ్రామికవాడల సంఘాలతో కలిసి రిటైరైన లేబర్ అధికారులు, అనుభవమున్న లాయర్లతో జిల్లాకొక ప్యానెల్ పెట్టి, ఎంక్వైరీకి ఇంతని ఫీజు నిర్ణయించాలి. నమూనా చార్జిషీటు, ఎంక్వైరీ నోటీసు, సస్పెన్షన్ ఉత్తర్వు తెలుగు, హిందీ, ఒడియాల్లో ప్రతి లేబర్ ఆఫీసులోనూ దొరకాలి. ప్యానెల్‌లోని పేర్లపై కార్మిక సంఘాల అభ్యంతరాలు కూడా ముందే వినాలి. లేకపోతే దాన్నీ యజమానుల మనుషుల జాబితా అంటారు.

— ఒక కార్మిక చట్టాల సలహాదారు, హైదరాబాద్